అమెరికాలో రెండు చిన్న కాలేజీల నుంచి సీటొస్తే: డెల్టా కుటుంబాలు మే 1 లోపు చేయాల్సిన పనులు

అమెరికా లిబరల్ ఆర్ట్స్ కాలేజీల (నాలుగేళ్ల డిగ్రీ చదువే ప్రధానంగా ఉండే చిన్న కాలేజీల) ఫలితాలు ఎక్కువగా మార్చి రెండో సగంలో వస్తాయి. ఎక్కడ చేరతారో తేల్చి డిపాజిట్ కట్టడానికి చాలాచోట్ల గడువు మే 1. మన దగ్గర అవి దాళ్వా కోతల రోజులు, ఇంటర్ ఫలితాల రోజులు. ఆ హడావిడిలో చాలా ఇళ్లలో నిర్ణయం రెండు ప్రశ్నలతో ముగిసిపోతుంది: ఏది ర్యాంకులో పైనుంది, ఏది మొదటి ఏడాది తక్కువ అడుగుతోంది. ఈ రెండూ తప్పుదోవ పట్టిస్తాయి. ర్యాంకుల్లో పది పదిహేను స్థానాల తేడా క్లాసులో కూర్చున్నవాళ్లకు కనబడదు. నిజంగా తేడా తెచ్చేవి వేరే ఉన్నాయి. ఒకటి, నాలుగేళ్లకూ కలిపి ఇంటి నుంచి వెళ్లే డబ్బు. రెండు, మీ అమ్మాయో అబ్బాయో చదవబోయే డిపార్ట్‌మెంట్లో పాఠం చెప్పే ఆ ఐదారుగురు మాస్టార్లు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఈ రెండిటి గురించే.

ఈ కాలేజీలు చిన్నవి. సాధారణంగా వెయ్యి నుంచి మూడు వేల మంది విద్యార్థులుంటారు. పీహెచ్‌డీ చేసేవాళ్లు దాదాపు ఉండరు కాబట్టి పాఠాలు ప్రొఫెసర్లే చెబుతారు. మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్, చరిత్ర అన్నీ ఉంటాయి. మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఏదో సాధారణంగా రెండో ఏడాది చివర్లో చెబితే చాలు.

ముందుగా ఒక వడపోత

లక్ష్యం డాక్టర్ కావడమైతే ఇక్కడే ఆగి ఆలోచించండి. అమెరికా మెడికల్ కాలేజీల్లో చాలా వాటిలో విదేశీ విద్యార్థులకు సీటే ఇవ్వరు. ఇచ్చే కొద్ది కాలేజీల్లోనూ పోటీ, ఖర్చు రెండూ విపరీతం. అలాంటప్పుడు ఈ రెండిట్లో ఏదన్న ప్రశ్న కంటే, అసలు ఈ దారేనా అన్న ప్రశ్న ముందు తేలాలి.

లక్ష్యం ఇంజినీరింగ్ అయితే స్వార్త్‌మోర్, హార్వీ మడ్, స్మిత్, లఫాయెట్ వంటి కొన్ని చిన్న కాలేజీల్లోనే ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది. చాలావాటిలో ఉండేది 3-2 పద్ధతి. అంటే మూడేళ్లు ఇక్కడ, రెండేళ్లు ఇంకో యూనివర్సిటీలో. ఆ చివరి రెండేళ్లకు మొదటి కాలేజీ ఇచ్చే గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని సాయం) వెంట వస్తుందని అనుకోవద్దు. రాతపూర్వకంగా అడిగి తెలుసుకోకుండా 3-2ని నమ్ముకుని కాలేజీని ఎంచుకోకండి.

1. నాలుగేళ్ల లెక్క వేయండి

కాలేజీ ఎంత సాయం ఇస్తుందో చెప్పే అవార్డ్ లెటర్‌లో ఉండేది మొదటి ఏడాది లెక్క మాత్రమే. దాన్ని నాలుగుతో గుణించడమే చాలామంది చేసే పొరపాటు. ఫీజు ఏటా పెరుగుతుంది. గ్రాంట్ పెరుగుతుందా లేదా అన్నది కాలేజీని బట్టి ఉంటుంది. ఒక ఉదాహరణ చూడండి. అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి.

కాలేజీ 'అ' మొత్తం ఖర్చు 84,000 డాలర్లు. గ్రాంట్ 62,000, అది నాలుగేళ్లూ అంతే. మీరు కట్టేది 22,000.
కాలేజీ 'ఆ' మొత్తం ఖర్చు 80,000 డాలర్లు. గ్రాంట్ 54,000, ఖర్చుతోపాటే అదీ పెరుగుతుంది. మీరు కట్టేది 26,000.

పైకి చూస్తే 'అ' ఏడాదికి 4,000 తక్కువ, నాలుగేళ్లకు 16,000 లాభం. ఇప్పుడు రెండుచోట్లా ఖర్చు ఏటా 4 శాతం పెరుగుతుందనుకోండి. 'అ'లో ఖర్చు 84,000, 87,360, 90,854, 94,489గా పెరుగుతూ పోతుంది. గ్రాంట్ కదలదు. నాలుగేళ్లలో మీ చేతి నుంచి పోయేది 1,08,703 డాలర్లు. 'ఆ'లో మీ వాటా కూడా 4 శాతం చొప్పున పెరిగి మొత్తం 1,10,408 అవుతుంది. పదహారు వేల తేడా కాస్తా 1,705కి దిగింది. నాలుగో ఏడాది ఒక్కదాన్నే చూస్తే 'అ'కే మూడు వేల పైచిలుకు ఎక్కువ కట్టాలి.

కాబట్టి ఒక తెల్లకాగితం మీద రెండు కాలేజీలకూ నాలుగు వరుసలు గీసి మీ లెటర్లలోని అంకెలతో ఇదే లెక్క వేయండి. కాలేజీ వెబ్‌సైట్‌లో గత నాలుగైదేళ్ల ఫీజులు దొరికితే పెరుగుదల శాతం అక్కడి నుంచే తీసుకోండి. పక్కనే రూపాయల్లో ఇంకో వరుస రాయండి. ఏటా 25,000 డాలర్లు పంపేవాళ్లకు డాలరు ఒక్క రూపాయి పెరిగితే ఆ ఏడు 25,000 రూపాయలు అదనం.

లెటర్‌లో కనబడనివీ, సరిగా కనబడనివీ కొన్నున్నాయి:

హెల్త్ ఇన్సూరెన్స్. విదేశీ విద్యార్థులకు సాధారణంగా తప్పనిసరి, ఏడాదికి వేల డాలర్లలో ఉంటుంది. గ్రాంట్ లెక్కలో కలిపారో లేదో అడగండి.

క్యాంపస్ ఉద్యోగం. లెటర్‌లో 2,500 డాలర్లో ఎంతో రాసి ఉంటే అది ఫీజులోంచి తగ్గదు. పని చేశాక జీతంగా చేతికొస్తుంది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి చేయకూడదు. మొదటి ఏడాది పది గంటలకు మించి లెక్కేసుకోవద్దు. ఆ డబ్బు పుస్తకాలకు, ఫోనుకు, చేతిఖర్చుకు సరిపోతే చాలు.

శీతాకాలం సెలవులు. డిసెంబర్, జనవరి మధ్య మూడు నుంచి ఆరు వారాలు హాస్టల్ మూసేసే కాలేజీలున్నాయి. తెరిచి ఉంచినా మెస్ నడవకపోవచ్చు. ఇంటికి రానుపోను టికెట్టో, అక్కడ గదీ తిండి ఖర్చో, ఏదో ఒకటి లెక్కలో ఉండాలి.

పన్ను. ఇది ఎక్కువ గ్రాంట్ వచ్చినవాళ్లకే తగులుతుంది. ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, పుస్తకాలు దాటి హాస్టల్‌కూ భోజనానికీ వర్తించే గ్రాంట్‌ను అమెరికా ఆదాయంగా చూస్తుంది. ఎఫ్-1 విద్యార్థుల విషయంలో ఆ భాగం మీద కాలేజీ 14 శాతం పన్నుగా ముందే పట్టుకుంటుంది. భారత్-అమెరికా పన్ను ఒప్పందం ప్రకారం మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు కాబట్టి రిటర్న్ వేస్తే చాలావరకు తిరిగొస్తుంది. అయినా ముందు కట్టాల్సిన డబ్బు చేతిలో ఉండాలి. ఇది తెలియక మొదటి సెమిస్టర్ బిల్లు చూసి కంగారుపడే కుటుంబాలు చాలా ఉన్నాయి.

2. గ్రాంట్ షరతులు ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి

రెండు కాలేజీలకూ ఒకే ఈమెయిల్, ఒకే వరుసలో ప్రశ్నలు పంపండి. అప్పుడే పోల్చడానికి వీలుంటుంది. ఈ గ్రాంట్ అవసరాన్ని బట్టి ఇచ్చిందా, ప్రతిభకు ఇచ్చిందా? ఫీజు పెరిగితే పెరుగుతుందా? నిలవాలంటే జీపీఏ (మార్కుల సగటు) ఎంత ఉండాలి, ఒక సెమిస్టర్ తగ్గితే వెంటనే తీసేస్తారా, గడువిస్తారా? ఒక సెమిస్టర్ విదేశంలో చదివితే వర్తిస్తుందా? మా ఆదాయం మధ్యలో పడిపోతే మళ్లీ పరిశీలిస్తారా?

ఆ చివరి ప్రశ్న మన ప్రాంతానికి ప్రాణం లాంటిది. రొయ్యల చెరువుల మీద బతికే ఇంట్లో ఒక పంటకు వైట్‌స్పాట్ తగిలితే, కౌంట్ రేటు పడిపోతే ఆ ఏడాది ఆదాయం తలకిందులవుతుంది. చాలా కాలేజీలు విదేశీ విద్యార్థులకు సీటిచ్చేటప్పుడు ఎంత ఇచ్చాయో అంతే, తర్వాత పెంచబోమని స్పష్టంగా చెబుతాయి. కొన్ని మాత్రం ఏటా కాగితాలు తీసుకుని మళ్లీ చూస్తాయి. మీ ఆదాయం చెరువు మీదో, తుపాను గాలికి పడిపోయే కొబ్బరితోట మీదో ఉంటే, ఏటా చూసే కాలేజీకి మొదటి ఏడాది రెండు మూడు వేల డాలర్లు ఎక్కువ కట్టడం మంచి బేరమే.

ఇచ్చింది చాలకపోతే మే 1కి ముందు ఒకసారి మర్యాదగా అడగొచ్చు. ఇంకో కాలేజీ ఇచ్చిన లెటర్ కాపీ, సీఎస్ఎస్ ప్రొఫైల్ (సాయం కోసం ఇంటి ఆదాయం, ఆస్తుల వివరాలిచ్చే ఫారం) నింపాక మారిన పరిస్థితికి రుజువులు జత చేయండి. ఎంత తగ్గితే చేరగలరో అంకెతో చెప్పండి. ఇక్కడ మన వాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు భూమి విలువ. ఎకరం రిజిస్ట్రేషన్ విలువ, మార్కెట్ రేటు, ఏడాది కౌలు ఈ మూడిటికీ పొంతన ఉండదు. ఫారంలో భూమి విలువ కోట్లలో కనబడి ఆదాయం లక్షల్లో కనబడితే అక్కడి ఆఫీసువాళ్లకు అర్థం కాదు. కౌలు ఎంతొస్తుందో, ఆ భూమి అమ్మితే ఇంటి ఆదాయమే పోతుందన్న సంగతీ ఒక పేజీలో వివరించి, చార్టర్డ్ అకౌంటెంట్ సంతకంతో పంపండి.

3. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఇప్పుడే తేల్చండి

ఐ-20 (వీసాకు కావలసిన కాలేజీ పత్రం) ఇవ్వడానికి కాలేజీ కనీసం మొదటి ఏడాది మీ వాటాకు సరిపడా చేతిలో ఆడే డబ్బు చూపమంటుంది. బ్యాంకు బ్యాలెన్స్, ఫిక్స్‌డ్ డిపాజిట్, లోన్ మంజూరు లెటర్ పనికొస్తాయి. పొలం పాస్‌బుక్ పనికిరాదు.

లోన్ తీసుకోవాలంటే డెల్టాలో మొదటి అడ్డంకి ఇదే. బాకీ కట్టకపోతే తాకట్టును బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం పరిధిలోకి వ్యవసాయ భూమి రాదు. అందుకే ఐదెకరాలున్నా విద్యారుణానికి దాన్ని తాకట్టుగా బ్యాంకులు సాధారణంగా ఒప్పుకోవు. ఇల్లు, ఫ్లాట్, అనుమతి ఉన్న లేఅవుట్‌లో స్థలం, డిపాజిట్లు అడుగుతాయి. ఊళ్లో ఇల్లు గ్రామకంఠం స్థలంలో ఉండి లింకు డాక్యుమెంట్లు సరిగా లేకపోతే బ్యాంకు లాయరు అభ్యంతరం చెబుతారు. ఇవన్నీ మే నెలలో బయటపడితే చేయగలిగింది తక్కువ. ఏప్రిల్ మొదటి వారంలోనే బ్యాంకుకు డాక్యుమెంట్ల జిరాక్సులు, ఈసీ తీసుకెళ్లి ఎంత వరకు ఇస్తారో అడగండి. ఆ అంకెను నాలుగేళ్ల లెక్క పక్కన పెడితే రెండు కాలేజీల్లో ఒకటి దానంతటదే తప్పుకోవచ్చు.

డబ్బు విదేశానికి పంపేటప్పుడు టీసీఎస్ (బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) సంగతి కూడా గుర్తుంచుకోండి. 2025 ఏప్రిల్ 1 నుంచి గుర్తింపున్న సంస్థ ఇచ్చిన విద్యారుణంతో పంపే డబ్బుకు టీసీఎస్ లేదు. సొంత డబ్బైతే ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన భాగం మీద పడుతుంది. అది తిరిగి రావాలంటే రిటర్న్ వేయాలి. వ్యవసాయ ఆదాయం మాత్రమే ఉంది కదా అని ఎప్పుడూ రిటర్న్ వేయని నాన్నగారి ఖాతా నుంచి పంపితే ఆ డబ్బు అక్కడే ఆగిపోతుంది.

4. డిపార్ట్‌మెంట్‌ను పేరుపేరునా చూడండి

చిన్న కాలేజీ బలం, బలహీనత రెండూ ఇక్కడే. మాస్టారు మీ అమ్మాయిని పేరు పెట్టి పిలుస్తారు, ఆఫీసు తలుపు తీసి ఉంటుంది. కానీ ఐదుగురున్న డిపార్ట్‌మెంట్లో ఒకరు సబాటికల్ (పరిశోధన కోసం ఇచ్చే సుదీర్ఘ సెలవు) మీద వెళితే ఆ ఏడాది బోధనలో ఐదో వంతు పోయినట్టే. పెద్ద యూనివర్సిటీలో అది ఎవరికీ తెలియదు.

కేటలాగ్ చూసి మోసపోకండి. అందులో ఎప్పటికైనా చెప్పే కోర్సులన్నీ ఉంటాయి. చూడాల్సింది రిజిస్ట్రార్ పేజీలో సెమిస్టర్‌వారీ షెడ్యూల్. గత నాలుగు సెమిస్టర్లవి తెరవండి. మీకు కావలసిన మేజర్‌లో పై స్థాయి కోర్సులు ఎన్నిసార్లు నడిచాయో గీతలు పెట్టండి. ఉదాహరణకు మ్యాథ్స్‌లో రియల్ ఎనాలిసిస్, ఆబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా ఏటా ఉన్నాయా, ఏడాది విడిచి ఏడాది ఉన్నాయా? విడిచి విడిచి ఉంటే మూడో ఏడాది విదేశంలో ఒక సెమిస్టర్ గడిపినవాళ్లకు ఆ కోర్సు అసలు దొరక్కపోవచ్చు.

తర్వాత అధ్యాపకుల పేజీ. పేరు పక్కన 'విజిటింగ్' అని ఉన్నవాళ్లు సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లే ఉంటారు. సగం మంది విజిటింగ్ అయితే, మీ అబ్బాయికి సిఫార్సు లేఖ రాయాల్సిన నాలుగో ఏటికి ఆ మాస్టారు ఇంకో రాష్ట్రంలో ఉంటారు.

కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్ కోరుకునేవాళ్లు ఒక ప్రశ్న తప్పక అడగండి: మేజర్ ప్రకటించడానికి షరతులున్నాయా, రెండో స్థాయి కోర్సుల్లో సీట్లు దొరక్క వెయిట్‌లిస్ట్‌లో ఎంతమంది మిగులుతున్నారు?

వేసవి పరిశోధన కూడా ఇక్కడే చూడాలి. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో నడిచే ఆర్ఈయూ (డిగ్రీ విద్యార్థుల వేసవి పరిశోధన) కార్యక్రమాల్లో ఆ డబ్బు అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకే. మన పిల్లలకు కాలేజీ సొంత నిధులే దిక్కు. గత వేసవిలో మీ డిపార్ట్‌మెంట్లో ఎంతమంది విదేశీ విద్యార్థులకు స్టైపెండ్ ఇచ్చారో అడిగితే సూటిగా చెప్పే కాలేజీని నమ్మొచ్చు.

పక్క కాలేజీల్లో కోర్సులు తీసుకునే వీలుందా అన్నది చిన్న డిపార్ట్‌మెంట్ లోటును తీరుస్తుంది. ఆమ్‌హర్స్ట్, స్మిత్, మౌంట్ హోల్యోక్ ఉన్న ఫైవ్ కాలేజ్ కూటమి, క్లేర్‌మాంట్ కాలేజీలు, బ్రిన్ మార్-హావర్‌ఫర్డ్-స్వార్త్‌మోర్ ఇందుకు పేరున్నవి.

పాఠం నడిచే తీరూ ఒకలా ఉండదు. కొలరాడో కాలేజ్‌లో ఒకసారి ఒకే కోర్సు, మూడున్నర వారాలు. కార్ల్‌టన్‌లో ఏడాదికి మూడు టర్మ్‌లు. గ్రిన్నెల్‌లో మొదటి ఏడాది ట్యుటోరియల్ తప్ప అందరికీ తప్పనిసరి కోర్సంటూ లేదు. ఇంటర్‌లో ఉదయం నుంచి రాత్రి దాకా ఎవరో వేసిన టైంటేబుల్ ప్రకారం చదివినవాళ్లకు అంత స్వేచ్ఛ మొదట్లో భారంగా ఉండొచ్చు. అది కాలేజీ లోపం కాదు. సలహా ఇచ్చే అడ్వైజర్ ఎంత దగ్గరగా ఉంటారో మాత్రం కనుక్కోండి.

5. మేజర్ కోడ్, ఇంటర్న్‌షిప్ అనుమతి

చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో పని చేసే అనుమతి) కింద 12 నెలలు పని చేయొచ్చు. మేజర్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలలు. ఒకే ఎకనామిక్స్ రెండు కాలేజీల్లో రెండు కోడ్‌ల కింద ఉండొచ్చు. 45.0603 అయితే స్టెమ్, 45.0601 అయితే కాదు. ఆ కోడ్ ఐ-20 మీద ముద్రిస్తారు. చేరాక మార్చమంటే వినరు, ఇప్పుడే అడగండి. సీపీటీ (చదువు మధ్యలోనే ఇంటర్న్‌షిప్ చేసే అనుమతి) గురించి కూడా అడగండి. కొన్ని చిన్న కాలేజీలు వేసవి ఇంటర్న్‌షిప్‌కు సీపీటీ ఇవ్వవు. అలాంటిచోట విద్యార్థులు తమ 12 నెలల ఓపీటీలోంచే వాడుకోవాల్సి వస్తుంది. నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి దీన్ని ఒక్కటే పట్టుకుని నిర్ణయించకండి. మిగతావన్నీ సమానమైనప్పుడు చూడండి.

6. కాలేజీ నాలుగేళ్లూ నిలబడుతుందా

ఇది అనవసరపు భయం కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని వెల్స్ కాలేజ్ 2024 ఏప్రిల్ చివర్లో, అంటే పిల్లలు డిపాజిట్లు కట్టే వారంలోనే, ఆ సెమిస్టర్‌తో మూసేస్తున్నట్టు చెప్పింది. అలబామాలోని బర్మింగ్‌హామ్-సదరన్ కాలేజ్ అదే ఏడాది మే 31న మూతపడింది. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఇలాంటప్పుడు వెంటనే ఇంకో కాలేజీకి బదిలీ కావాలి, గ్రాంట్ అక్కడికి రాదు.

కాలేజీ పేరుతోపాటు 'కామన్ డేటా సెట్' అని వెతకండి. కాలేజీలు ఏటా ఒకే నమూనాలో ఇచ్చే అంకెల పత్రమిది. బి విభాగంలో విద్యార్థుల సంఖ్య, మొదటి ఏడాది తర్వాత ఎంత శాతం తిరిగొచ్చారో ఉంటుంది. ఐ విభాగంలో క్లాసుల పరిమాణం, హెచ్6లో విదేశీ విద్యార్థుల్లో ఎంతమందికి సగటున ఎంత సాయం ఇచ్చారో ఉంటాయి. ఐదేళ్లవి పక్కపక్కన పెట్టండి. సంఖ్య ఏటా తగ్గుతూ, డిపార్ట్‌మెంట్లు మూసేస్తూ, గుర్తింపు సంస్థ నుంచి ప్రొబేషన్ (గుర్తింపు పోవచ్చన్న హెచ్చరిక) నోటీసు ఉంటే, గ్రాంట్ ఎంత పెద్దదైనా ఆ కాలేజీని పక్కన పెట్టమనే మా సలహా.

7. ఊరు, చలి, తిండి

అయోవా రాష్ట్రంలోని గ్రిన్నెల్ పదివేల లోపు జనం ఉన్న ఊరు, పెద్ద విమానాశ్రయం డెస్ మోయిన్ నుంచి గంట ప్రయాణం. మెకాలెస్టర్ కాలేజ్ మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నగరంలోనే ఉంది. రెండుచోట్లా జనవరిలో ఉష్ణోగ్రత సున్నాకు బాగా దిగువన ఉంటుంది. ఎక్కడైనా సరే మూడు విషయాలు కనుక్కోండి: సరుకుల దుకాణానికి కారు లేకుండా వెళ్లొచ్చా, హాస్టల్‌లో వండుకునే వీలుందా, విమానాశ్రయానికి కాలేజీ బస్సు నడుపుతుందా. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మావయ్యగారు ఈ కాలేజీల పేర్లు విని ఉండకపోవచ్చు. పేరు తెలియదన్నారని వెనక్కి తగ్గకండి. సెలవుల్లో పిల్లవాణ్ని వాళ్లింట్లో ఉంచుకోగలరా అన్నది మాత్రం ముందే అడగండి.

8. ఫోన్లు

ఏప్రిల్‌లో తూర్పు రాష్ట్రాలు మనకంటే తొమ్మిదిన్నర గంటలు, అయోవా, మిన్నెసోటా వంటివి పదిన్నర గంటలు వెనక ఉంటాయి. మన రాత్రి ఏడున్నర, తొమ్మిదిన్నర మధ్య చేస్తే రెండుచోట్లా ఆఫీసులు తెరిచే ఉంటాయి. అడ్మిషన్ ఆఫీసు ఏర్పాటు చేసిన విద్యార్థులతోనే కాక, భారతీయ విద్యార్థుల సంఘం ద్వారా మూడో, నాలుగో ఏడాది వాళ్లిద్దరితో మాట్లాడండి. "బాగుందా?" అని అడిగితే బాగుందనే అంటారు. "పోయిన సెమిస్టర్‌లో కావలసిన ఏ కోర్సు దొరకలేదు?", "నీతో చేరిన మన వాళ్లలో ఎవరైనా వేరే కాలేజీకి మారారా, ఎందుకు?" అని అడగండి. మాట్లాడాల్సింది చదవబోయేవాళ్లే. నాన్నగారు పక్కన కూర్చుని వినొచ్చు.

9. తేల్చి, కట్టేయడం

ఏప్రిల్ 20 నాటికి కాగితాలన్నీ బల్ల మీద పెట్టండి. నాలుగేళ్ల మొత్తం మీ బ్యాంకు చెప్పిన పరిమితి దాటితే ఆ కాలేజీ వద్దు. దానికోసం పొలం అమ్మాలన్న ఆలోచన వస్తే, మిగిలిన పిల్లల చదువు, అమ్మానాన్నల వృద్ధాప్యం కూడా అదే పొలం మీద ఆధారపడి ఉన్నాయేమో చూసుకోండి. రెండూ పరిమితిలోనే ఉండి, తేడా నాలుగేళ్లకు ఐదారు వేల డాలర్ల లోపైతే డబ్బు సంగతి వదిలేసి డిపార్ట్‌మెంట్ బాగున్నది తీసుకోండి.

డిపాజిట్ ఒక్క కాలేజీకే కట్టండి. రెండుచోట్లా కట్టినట్టు తెలిస్తే సీటు రద్దు చేసే హక్కు వాళ్లకుంది. కార్డుకు అంతర్జాతీయ చెల్లింపుల అనుమతి ముందు రోజే తెరిపించండి. అర్ధరాత్రి గడువు అక్కడి టైమైతే మనకు మే 2 ఉదయం తొమ్మిదిన్నర, పదిన్నర దాకా ఉన్నట్టే. అయినా ఏప్రిల్ 28 దాటనివ్వకండి, కార్డు తిరస్కరిస్తే బ్యాంకుతో మాట్లాడే వ్యవధి ఉండాలి. రెండో కాలేజీకి అదే రోజు రానని రాయండి. ఆ సీటు, ఆ గ్రాంట్ వెయిట్‌లిస్ట్‌లో ఉన్న ఇంకొకరికి వెళ్లవచ్చు.

ఐ-20 రాగానే సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ నమోదు) ఫీజు 350 డాలర్లు కట్టి, హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా స్లాట్ చూసుకోండి. అంతకంటే ముందు ఐ-20లో ఇంటిపేరు, సొంతపేరు పాస్‌పోర్టులో ఉన్న గడుల్లోనే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం పోల్చండి. మన పేర్లలో ఇవి తారుమారు కావడం మామూలే. తప్పుంటే కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు పాస్‌పోర్టు కాపీ పంపి, సరిచేసిన ఐ-20 వచ్చాకే వీసా ఫారం నింపండి.